గంగయ్య ఇంటి దగ్గర ఆగిన ప్రార్థన

సంపూర్ణత్త ప్రార్థన మధ్యలో కళ్లు తెరవడం నా నలభై నాలుగేళ్ల బతుకులో ఒక్కసారే చూశాను. మిగతా అన్నిసార్లూ తెరవలేదని నీకెలా తెలుసు అని మా పాస్టరు యోనా అయ్యగారు అడిగితే మాత్రం ఇరుక్కుపోతాను. ఆమె ప్రార్థిస్తున్నంతసేపూ నేను కళ్లు తెరుచుకునే ఉంటానని ఒప్పుకోవాల్సి వస్తుంది. మా సంఘంలో అది చిన్న తప్పు కాదు. చిన్నప్పుడు ఆ తప్పుకు అత్త చేతి బైబిలుతో నెత్తిన దెబ్బలు తిన్నాను. తోలు అట్ట, చుట్టూ జిప్పు ఉన్న బైబిలు అది. జిప్పు వైపు తగిలితే వారం దాకా గుర్తుండేది. తన కళ్లు మూసుకుని ఉండగా నా కళ్లు తెరిచి ఉన్నాయని ఆమెకు ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుచిక్కలేదు.

అత్త అంటే మా నాన్న చెల్లెలు. అరవై మూడేళ్లుంటాయి. మామయ్య పోయి ఇరవై ఏళ్లు దాటింది, పిల్లల్లేరు. బూర్గంపాడు నుంచి గోదావరి వైపు దిగితే నలభై ఒక్క ఇళ్ల కాలనీ ఒకటి వస్తుంది. అదే మాది. అందులో రెండో ఇల్లు ఆమెది, మూడోది నాది. మెట్ట మీదున్న హైస్కూల్లో ఆమె మధ్యాహ్న భోజనం వండుతుంది, నేను లెక్కలు చెబుతాను. పిల్లలు పళ్లేలు పట్టుకుని వరసలో నిలబడ్డాక ఆమె గరిటెను గాల్లో ఆపి పెదాలు కదుపుతుంది. హెడ్మాస్టరు గారు గడియారం చూసుకుంటారు. కానీ ఆమె సాంబారు ఒక్కరోజూ చెడిపోలేదు, ఒక్క పిల్లవాడూ పస్తు పోలేదు. అందుకని ఎవరూ ఏమీ అనరు.

ముప్పై ఎనిమిదేళ్ల కిందట గోదావరిలో బాప్తిస్మం తీసుకున్న రోజున ఆమె కమ్మలూ ముక్కుపుడకా తీసేసింది. ఆ రోజు కట్టిన తెల్ల చీర తర్వాత మళ్లీ రంగు చీర ముఖం చూడలేదు. మా సంఘంలో ఆడవాళ్లకు నగలు లేవు, పూలు లేవు. ఎవరికీ సినిమా లేదు, టీవీ లేదు. ఫోను మాత్రం ఉంది. ఫోను దేవుడు వాడుకునే పనిముట్టు అని యోనా అయ్యగారు వాక్యం చెప్పారు, తాను కొత్త ఫోను కొన్న ఆదివారం.

అత్త లోకంలో జరిగేవి రెండే. ఒకటి శోధన, రెండోది జవాబు. గ్యాసు అయిపోతే శోధన. పక్కింటి వాళ్లు సిలిండరు ఇస్తే జవాబు. నాకు వేరే ఊరికి ట్రాన్స్‌ఫర్ వస్తే శోధన, అది ఆగిపోతే జవాబు. కుక్కరు విజిలు పోయి మూడో రోజున బియ్యం డబ్బాలో దొరికితే దాని మీద శనివారం కూడికలో పావుగంట సాక్ష్యం చెప్పింది. నేను నవ్వు ఆపుకోలేక బయటికొచ్చాను. లోపల ఇద్దరు ఆడవాళ్లు కళ్లొత్తుకుంటున్నారు.

ఒకసారి హైదరాబాదు నుంచి ఏదో ఇన్సూరెన్సు అమ్మే అమ్మాయి ఫోన్ చేసింది. అత్త “వందనాలు బిడ్డా” అని మొదలుపెట్టి, పేరడిగి, ఊరడిగి, గొంతు బొంగురు పోయిందేమని అడిగి, అక్కడికక్కడే కళ్లు మూసుకుని ఆ పిల్ల గొంతు కోసం, ఉద్యోగం కోసం, ఇంకా కాని పెళ్లి కోసం పదకొండు నిమిషాలు ప్రార్థించింది. అవతలి పిల్ల ఫోన్ పెట్టెయ్యలేదు. చివర్లో సన్నగా “థాంక్యూ మేడమ్” అంది. ఇప్పటికీ నెలకోసారి ఆ పిల్ల ఫోన్ చేస్తుంది, ఇన్సూరెన్సు సంగతి మాత్రం ఎత్తదు.

ఇదంతా ఒక ఎత్తు, తెల్లవారుజాము ప్రార్థన ఒక్కటీ ఒక ఎత్తు.

ఐదింటికి అత్త వాకిట్లోకి వచ్చి వీధి వైపు తిరిగి నిలబడుతుంది. మామూలుగా ‘ఏంది’, ‘గట్ల’ అనే మనిషి, కళ్లు మూసిందంటే చాలు, బైబిలు తెలుగులోకి దిగిపోతుంది. మొదటి ఇల్లు పాస్టరు గారిది. అక్కడ మొదలుపెట్టి, వీధి వెంబడి ఒక్కో ఇల్లు, ఇంట్లో ఒక్కో మనిషి పేరు పెట్టి దేవుడికి అప్పగిస్తుంది. ఇళ్లన్నీ గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి ఆమె గొంతు చివరిదాకా వినిపిస్తుంది. పేరు వినపడగానే ఆ మనిషి పడుకున్న చోటి నుంచే “ఆమెన్” అనాలి. అనకపోతే ఆమె ముందుకు కదలదు. మళ్లీ అదే పేరు, ఇంకొంచెం గట్టిగా. ఒక్కరి వల్ల ప్రార్థన అక్కడే ఆగిపోయిందని తర్వాతి ఇళ్ల వాళ్లు తిట్టుకుంటారు. అందుకని నిద్రలోనే ఆమెన్ అనడం మా కాలనీలో చంటిపిల్లలకు కూడా వచ్చు. సంఘంలో లేనివాళ్లూ ఉన్నారు. మూల మీది ట్రాక్టరు వెంకటకృష్ణ ఇంట్లో రోజూ పూజ చేసుకుంటారు. వాళ్లను కూడా ఆమె వదలదు, వాళ్లు ఊఁ కొడతారు. బడిలో నేను తొమ్మిదిన్నరకు హాజరు తీసుకుంటాను. నా హాజరు మాత్రం ఐదింటికే అయిపోతుంది.

పేరుతో ఆగితే బాగుండు. ఆమె వివరాలు కూడా చెబుతుంది. మూసిన కళ్లతో దేవుడికి చెప్పేది చాడీ కిందికి రాదని మా సంఘంలో అందరి నమ్మకం.

“కృపగల మా తండ్రీ, నీ దాసుడైన సుకుమారును జ్ఞాపకము చేసుకొనుము. డాక్టరిచ్చిన బీపీ గోలీలను అతడు కిటికీలోనుండి పారవేయుచున్నాడని నీవెరుగుదువు.”

దేవుడు ముందే ఎరుగునో లేదో గానీ, పక్కనే పడుకున్న నా భార్య హెప్సిబాకు మాత్రం అప్పుడే తెలిసింది. ఆ రోజు నుంచి మాత్ర నోట్లో వేసుకుని, నాలుక బయటపెట్టి చూపిస్తే గానీ నాకు టీ రాదు.

నలభై ఒకటో ఇల్లు గంగయ్యది. ఆ ఇల్లు దాటితే ఒక మునగచెట్టు, ఆ తర్వాత గోదావరే. గంగయ్య ఒకప్పుడు పడవ నడిపేవాడు. ఇప్పుడు డెబ్బై దాటాయి, ఒంటి మనిషి, ఒక మేక ఉంది. మా సంఘం గాలి కూడా తగలనివ్వడు. ఇరవై రెండేళ్ల కిందట వానాకాలంలో రోడ్లన్నీ మునిగి ఉన్నప్పుడు మామయ్యకు గుండెనొప్పి వచ్చింది. ఎవరూ పడవ తీయని ఆ వరదలో ఆయన్ను భద్రాచలం దవాఖానాకు చేర్చింది గంగయ్యే. మామయ్య దక్కలేదు. ఆ మర్నాటి తెల్లవారుజామున అత్త ప్రార్థనలో చివరి పేరుగా గంగయ్య చేరాడు.

ఆ పేరు రాగానే ఇరవై రెండేళ్లుగా వీధి చివర నుంచి ఒకటే జవాబు.

“నన్నిడిసిపెట్టు తల్లీ! నేను మంచిగనే ఉన్న!”

ఆ వెంటనే అత్త “ఆమెన్” అని ముగిస్తుంది. వీధంతా ఊపిరి పీల్చుకుని మళ్లీ నిద్రపోతుంది.

మధిర నుంచి వచ్చిన కొత్తలో యోనా అయ్యగారికి ఇది నచ్చలేదు. “ఆ మనిషి దేవుణ్ని అవమానిస్తున్నాడమ్మా, ఆ పేరు తీసేయండి” అన్నారు.

“అది ఆయన ఆమెన్ అయ్యగారూ” అంది అత్త. “ఉన్నడో లేడో తెలిస్తే నాకు సాలు.”

ఆ మేక సంగతి కూడా చెప్పాలి. శ్రీరామనవమికి వెంకటకృష్ణ వాళ్లమ్మ భద్రాద్రి నుంచి పులిహోర తెచ్చి అత్తకు ఇచ్చింది. అత్త రెండు చేతులా అందుకుంది. తినడానికి సంఘం ఒప్పుకోదు, పారేయడానికి ఆమె చేతులు ఒప్పుకోవు. తీసుకెళ్లి గంగయ్యకు ఇచ్చింది. గంగయ్య సగం తిని, సగం మేకకు పెట్టాడు. ఆ డిసెంబరులో క్రిస్మస్ విందుకు ఆ మేకనే కొందామని పెద్దలు అనుకున్నారు. అప్పుడు ఎవరికో గుర్తొచ్చింది, నవమి పులిహోర తిన్న మేకను మనం తినవచ్చునా అని. యోనా అయ్యగారు మూడు రోజులు ఉపవాసం ఉండి, లేఖనాలన్నీ తిరగేసి, ఎందుకొచ్చిన గొడవ, కోళ్లు తెద్దామన్నారు. అలా ఆ మేక బతికిపోయింది. తర్వాత వరదలో అంత పని చేసిందీ అదే.

2022 జూలైలో వారం రోజులు వాన తెరిపి ఇవ్వలేదు. ఒక ఉదయం భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారు. మా వీధి చివర మునగచెట్టు మొదలు అప్పటికే కనబడటం లేదు. కాలనీ మొత్తాన్ని హైస్కూలుకు తరలించాలన్నారు. వెంకటకృష్ణ ట్రాక్టరు తెచ్చాడు. పేర్లు రాసే పని నాకు అప్పజెప్పారు, ఎంతైనా లెక్కల సారుని.

నూట నలభై మూడు మంది. ఒక చేత్తో గొడుగు, ఒక చేత్తో జాబితా పట్టుకుని, ట్రాక్టరు ఎక్కినవాళ్లకల్లా టిక్కు పెట్టాను. నాలుగు ట్రిప్పులు అయ్యేసరికి నూట నలభై మూడు టిక్కులూ పడ్డాయి. కింద గీత గీసి సంతకం పెట్టి క్యాంపు ఆఫీసరు గారికి ఇచ్చాను. ఆయన “వెరీ గుడ్ మాస్టారూ” అన్నారు. నాకు చాలా సంతోషమైంది. ఎక్కినవాళ్లను చూశాను గానీ, దిగినవాళ్లను చూడలేదు.

మధ్యాహ్నం మూడవుతుండగా అన్నం, సాంబారు అయ్యాయి. వండింది అత్తే. పొద్దున్నుంచి ఎవరూ ఏమీ తినలేదు. అందరూ పెద్ద హాలులో పళ్లేలు ముందు పెట్టుకుని కూర్చున్నారు. యోనా అయ్యగారు అత్త దగ్గరికి వెళ్లి బతిమాలారు.

“అమ్మా, రెండు ముక్కల్లో ముగించండి. పిల్లలు ఆకలితో ఉన్నారు.”

“గట్లనే అయ్యగారూ” అంది అత్త, కళ్లు మూసుకుంది, మొదటి ఇంటి నుంచి అందుకుంది.

నా ప్రాణం ఉసూరుమంది. ఆఫీసరు గారు నా వైపు చూశారు, నేను గోడ వైపు చూశాను. ఒక్కో పేరూ వస్తోంది, ఒక్కో ఆమెన్ లేస్తోంది. పన్నెండో ఇల్లు. ఇరవయ్యో ఇల్లు. వెంకటకృష్ణ వాళ్లు ఊఁ కొట్టారు. ముప్పై ఇళ్లు దాటాక ఆమెన్లలో ఆకలి, విసుగు వినిపించాయి. చివరికి నలభై ఒకటికి వచ్చింది.

“నీ బిడ్డయైన గంగయ్యను జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ.”

జవాబు రాలేదు.

“గంగయ్యను జ్ఞాపకము చేసుకొనుము.”

బయట వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. జనం కళ్లు మూసుకునే తలలు అటూ ఇటూ తిప్పారు. అత్త మూడోసారి పేరు పలికింది. తర్వాత కళ్లు తెరిచింది.

నేను ఆమె ముఖమే చూస్తున్నాను కాబట్టి ఆ కళ్లు సూటిగా నా మీదే పడ్డాయి.

“గంగయ్య ఏడిరా సుకుమార్?”

“ఉన్నడత్తా. పొద్దుగాల మొదటి ట్రిప్పుల ఎక్కిండు. నేనే టిక్కు పెట్టిన.”

“నీ టిక్కు నన్నిడిసిపెట్టు అన్నదారా?”

హాలులో అందరూ కళ్లు తెరిచేశారు. గంగయ్య ఎక్కడా లేడు. వరండాలో లేడు, వంట దగ్గర లేడు. వెంకటకృష్ణ లేచి నిలబడి నెత్తి కొట్టుకున్నాడు.

“మొదటి ట్రిప్పుల ఎక్కి మేకను మర్సిన్నని దిగిండు సార్. తర్వాతి ట్రిప్పుల వస్తడనుకున్న. అప్పుడు కానరాకపోతే ముందే వచ్చిండనుకున్న.”

ఆఫీసరు గారు జాబితా తీసి చూపించారు. “అందరూ వచ్చినట్టు సంతకం ఉంది కదా మాస్టారూ?” పడవ ఒక్కటే ఉంది, దాన్ని ఇంకో ఊరికి పంపబోతున్నారు. అంతమంది ముందు, అందులో సగం మంది నా దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్లు, నేను నోరు తెరిచి చెప్పాల్సి వచ్చింది.

“నా లెక్క తప్పు సార్. మా అత్త లెక్కే కరెక్టు. ఒక మనిషి నీళ్లలో ఉన్నడు.”

చెప్పాక సిగ్గు అనిపించలేదు, భయమే అనిపించింది. వీధి చివరి ఇంట్లో నీళ్లు ఇప్పటికి ఎంత ఎత్తున ఉంటాయో నాకు తెలుసు.

ఆయన వెంటనే పడవను మా కాలనీకి మళ్లించారు. మునిగిన వీధుల్లో ఇల్లు చూపించేందుకు ఒక మనిషి కావాలన్నారు పడవవాళ్లు. నేను లేచేలోపే యోనా అయ్యగారు లేచారు. ఆయనకు నీళ్లంటే ఎంత భయమో మా సంఘంలో తెలియనివాళ్లు లేరు. బాప్తిస్మాలు ఇచ్చేటప్పుడు మోకాళ్ల లోతు దాటి వెళ్లరు, మునిగేవాళ్లే పడుకున్నట్టు వంగి మునగాలి. సముద్రంలో చేప కడుపులో మూడు రోజులుండి బతికొచ్చిన బైబిలు యోనా పేరు పెట్టుకుని ఇదేం భయమని మేం వెనక నవ్వుకునేవాళ్లం. ఆయన చెప్పులు విడిచి, వణుకుతూ, పడవ ఎక్కారు. ఎవరూ నవ్వలేదు.

అత్త పిల్లలకు వడ్డించమంది. పెద్దవాళ్లను కూడా తినమంది.

“నేను మాత్రం ఇంకా ఆమెన్ అనలే” అంది. “ప్రార్థన నడుస్తనే ఉన్నది.”

గంట దాటింది, రెండు గంటలయింది. ఆమె కూర్చోలేదు. మంచినీళ్లు ఇస్తే తాగలేదు. గరిటె కింద పెట్టలేదు. మాట కూడా లేదు. ఎప్పుడూ ఇరవై ఎనిమిది నిమిషాలు ఆగకుండా సాగే ఆ నోరు ప్రార్థన మధ్యలో మూతపడి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. హెప్సిబా పిల్లలకు వడ్డించి వెళ్లి ఆమె పక్కన నిలబడింది. తర్వాత ఇంకొకామె నిలబడింది. కాసేపటికి వెంకటకృష్ణ వాళ్లమ్మ కూడా వెళ్లి నిలబడింది. పెద్దవాళ్లలో ఒక్కరూ పళ్లెం ముట్టుకోలేదు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. అన్నేళ్లు ఆ ప్రార్థన ఎప్పుడయిపోతుందా అని చూసినవాణ్ని, ఆ రోజు అది ఇంకా అయిపోనందుకు ఆశగా నిలబడ్డాను.

ఐదున్నరకు పడవ ఇంజను వినిపించింది.

ముందు యోనా అయ్యగారు దిగారు, నిలువెల్లా తడిసి, మేకను రెండు చేతులా కరుచుకుని. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నారు, గడ్డ మీద కాళ్లు పెట్టాక కూడా తెరవలేదు. ఆయన వెనక ఇద్దరు పట్టుకుని నడిపిస్తుండగా గంగయ్య వచ్చాడు. ఇంటి రేకుల మీద మేకను పట్టుకుని కూర్చుని కనిపించాడట. అప్పటికి నీళ్లు రేకుల అంచును తాకుతున్నాయి.

గంగయ్యను హాలులోకి తెచ్చి దుప్పటి కప్పారు. అందరూ చుట్టూ మూగారు. ఇప్పుడు ఈ మనిషి దేవుడి పేరు చెప్పక తప్పదని, ఇంత పెద్ద జవాబు మా సంఘం చరిత్రలోనే లేదని, వచ్చే శనివారం సాక్ష్యం అదిరిపోతుందని చాలామంది ముఖాల్లో కనబడుతోంది. నా ముఖంలోనూ కనబడే ఉంటుంది.

అత్త అతన్ని ఏమీ అడగలేదు. ఎలా ఉన్నావనీ అడగలేదు. ఉన్నచోటనే నిలబడి కళ్లు మూసుకుంది. ఎక్కడ ఆపిందో అక్కడే అందుకుంది.

“నీ బిడ్డయైన గంగయ్యను జ్ఞాపకము చేసుకొనుము తండ్రీ.”

ఆఫీసరు గారు టోపీ తీశారు. గంగయ్య కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. రెండుసార్లు నోరు తెరిచాడు, గొంతు రాలేదు. మూడోసారికి వచ్చింది, బొంగురుగా, సన్నగా.

“నన్నిడిసిపెట్టు తల్లీ. నేను మంచిగనే ఉన్న.”

“ఆమెన్” అంది అత్త.

ఆమెతో పాటు హాలంతా అంది. ఊఁ కొట్టేవాళ్లు అన్నారు, పడవవాళ్లు అన్నారు, నేనూ అన్నాను, నా కళ్లు మూసుకుని ఉన్నాయి.

చల్లారిన అన్నం అందరం తిన్నాం. తిన్నాక జాబితా సరిదిద్దుదామని చేతిలోకి తీసుకున్నాను. ఎన్నిసార్లు చూసినా అందులో దిద్దడానికి ఏమీ కనబడలేదు. పొద్దున గంగయ్య నీళ్లలో ఉన్నప్పుడు అందులో నూట నలభై మూడు టిక్కులున్నాయి. ఇప్పుడూ నూట నలభై మూడే ఉన్నాయి.